స్కిట్లు, స్టాండప్, నాటిక, యూట్యూబ్, వెబ్ సిరీస్: ఇన్ని పనులు ఒక్క మనిషి ఎలా నడపాలి?

కృష్ణానగర్ కలం:
అందరికీ నమస్కారం. నేను కామెడీ రాస్తాను, అవకాశం దొరికితే స్టేజీ ఎక్కుతాను. మాది నరసరావుపేట దగ్గర పల్లె. ఉండేది హైదరాబాద్ కృష్ణానగర్‌లో, ఇద్దరు అసిస్టెంట్ డైరెక్టర్లతో కలిసి ఒక రూములో.

ప్రస్తుతం నా మీద ఉన్న పనులు ఇవి. టీవీ కామెడీ షోలో ఒక టీమ్‌కి స్కిట్లు రాస్తున్నాను. నా పేరు పడదు, టీమ్ లీడరే డబ్బులిస్తాడు. నాకు అన్నం పెడుతున్నది ఇదే. ఒక ప్రొడక్షన్ హౌస్ అడిగితే వెబ్ సిరీస్ కథ మొత్తం రాసి ఇచ్చాను. ఏడాది దాటింది, "ఓటీటీ వాళ్లతో మాట్లాడుతున్నాం" అన్న మాట దగ్గరే ఉంది. స్టాండప్‌లో పది నిమిషాల సెట్ గట్టిగా నిలబడుతోంది, దాన్ని గంట షో చేయాలని కోరిక. మా వైపు ఒక నాటక సమాజం వాళ్లు పరిషత్తులకి, అంటే నాటక పోటీలకి, హాస్య నాటిక అడిగారు, సగం అయింది. ఇవి కాక ఫ్రెండ్స్‌తో కలిసి నడిపే యూట్యూబ్ చానల్.

ఏదీ వదలాలని లేదు. అలాగని ఏదీ పూర్తి కావడం లేదు. పొద్దున్నే నాటికతో కూర్చుంటానా, "ఆ లేడీ గెటప్ వద్దన్నారు, సాయంత్రానికి మార్చి పంపు" అని ఫోను. అది మార్చి మళ్లీ నాటిక తీసేసరికి అందులో మామగారు ఎలా మాట్లాడతాడో చెవిలోంచి పోతుంది. ఇంటికి ఫోను చేస్తే నాన్న "ఏదో ఒకటి గట్టిగా పట్టుకోరా" అంటారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు మీరెలా నెట్టుకొస్తున్నారో వివరంగా చెప్పండి. ధైర్యం చెప్పే మాటల కంటే పని పద్ధతి చెబితే నాకు మేలు.

విశాఖ వీడియో:
తమ్ముడూ, సూటిగా చెప్తాను. మిగతావి పక్కన పెట్టి ఏడాదిపాటు చానల్ ఒక్కటే నడుపు. అక్కడ నీ పేరుంటుంది, నీ ముఖం ఉంటుంది, ఎవరి పెత్తనమూ ఉండదు. ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు, అంటే ఒక చిన్న స్కిట్ పూర్తిగా పడుతుంది. వారం వారం ఆగకుండా పెట్టేవాడికే అది పలుకుతుంది, ఐదు పనుల మధ్య అప్పుడప్పుడూ పెట్టేవాడికి కాదు.

లత మైక్:
విశాఖ అన్నా, మీ మాట మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోలేను. చానల్ నుంచి డబ్బు మొదలయ్యేదాకా ఆయన గది అద్దె ఎవరు కడతారు? మొదలైనా 100 డాలర్లు చేరేదాకా ఖాతాలో వేయరు. అందులోనూ మనలాంటి చానళ్లలో డబ్బు నలుగురికి పంచుకోవాలి. నేను పగలు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఓపెన్ మైక్‌లు (ఎవరైనా పేరిచ్చి కాసేపు మైకు పట్టుకునే షోలు) చేస్తాను. ఈ ఊళ్లో కేవలం స్టాండప్ మీద బతికేవాళ్లు చాలా తక్కువ మంది. మిగతా అందరూ ఉద్యోగమో, యాంకరింగో, యాడ్‌లకి రాయడమో ఏదో ఒకటి చేస్తూ దీన్ని నిలబెట్టుకుంటున్నారు. కాబట్టి పనులు ఎక్కువయ్యాయని బాధపడకండి. ఏ పనికి ఏ రకం ఆలోచన కావాలో విడదీయండి చాలు.

అది ఎందుకంటున్నానో ఉదాహరణతో చెప్తాను, ఎందుకంటే చాలామంది "స్కిట్ జోకే స్టాండప్‌లో వాడేస్తాను, పని తగ్గుతుంది" అనుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటర్ ఎవరు ఆపాలి అన్న గొడవ తీసుకోండి. స్కిట్‌లో అయితే ప్రెసిడెంటు, వాచ్‌మన్, పై ఫ్లోర్ ఆంటీ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు, చివర్లో పైనుంచి నీళ్లు పడతాయి, బ్లాకౌట్. అక్కడ నవ్వు మనుషుల మధ్య గొడవలోంచి, కళ్లకి కనిపించే నీళ్లలోంచి వస్తుంది. స్టాండప్‌లో నీళ్లూ లేవు, ఆంటీ లేదు, నేనొక్కదాన్నే. నేను మొదట రాసుకున్నది ఇది: "ట్యాంకు నిండితే ముందు నా స్కూటీ సీటుకి తెలుస్తుంది." నవ్వు సగమే వచ్చింది. కారణం, "సీటుకి" అన్న మాట దగ్గర జనం నవ్వబోతుంటే నేనింకా "తెలుస్తుంది" అంటున్నాను. దాన్ని తిప్పాను: "మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు నిండిన సంగతి అందరికంటే ముందు తెలిసేది నా స్కూటీ సీటుకి." మాట అక్కడితో ఆగింది, నవ్వు నిండుగా వచ్చింది. మన వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది కాబట్టి స్టేజీ మీద ప్రతి జోకునీ ఇలా తిప్పి చూసుకోవాలి. స్కిట్‌లో ఈ బాధ అంతగా ఉండదు, అవతలి ఆర్టిస్టు రియాక్షన్ ఆ ఖాళీని పూడుస్తుంది.

అందుకని ఒకే రోజు రెండూ రాయొద్దు. స్కిట్ రోజున మనుషులు మాట్లాడుకుంటూ వినిపించాలి, స్టాండప్ రోజున మీ ఒక్క గొంతే వినిపించాలి. పొద్దున అది, సాయంత్రం ఇది అంటే రెండూ చెడతాయి. వారంలో ఏ రోజు ఏ పనో కాగితం మీద రాసి గోడకి అంటించండి. గంట షో గురించి కూడా ఒక మాట. పది నిమిషాల నుంచి ఒక్కసారిగా గంటకి వెళ్లలేరు. ఓపెన్ మైక్‌లో మనకిచ్చేది నాలుగైదు నిమిషాలు. అందులో పాత జోకులతో మొదలుపెట్టి, మధ్యలో కొత్తది ఒకటి పెట్టి, మళ్లీ పాతదానితో ముగించండి. కొత్తది పడకపోయినా సెట్ పడిపోదు. ప్రతిసారీ ఫోన్‌లో రికార్డు చేయండి. లామకాన్ వేదికలో నవ్విన చోట గచ్చిబౌలి కేఫ్‌లో నవ్వకపోవచ్చు, అది రికార్డు వింటేనే పట్టుబడుతుంది.

ఓరుగల్లు గొంతు:
నాయనా, నేను మిమిక్రీ కళాకారుణ్ణి. పెళ్లిళ్లు, కాలేజీలు, గణపతి మండపాలు, ఈ జీవితమే చాలా ఏళ్లుగా. లతమ్మ వారం గురించి చెప్పింది, నేను సంవత్సరం గురించి చెప్తాను. మన దగ్గర ప్రదర్శన మీద బతికేవాడు పంచాంగం చూడకుండా ఏ పనీ ఒప్పుకోకూడదు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కాబట్టి సంగీత్‌లు, రిసెప్షన్‌లు ఉండవు. శ్రావణంలో మళ్లీ మొదలు. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా వినాయక చవితి నవరాత్రులు ఉన్నాయి, మండపాల్లో రాత్రి ప్రోగ్రాములకి పిలుస్తారు. తర్వాత దసరా, దీపావళికి కంపెనీల ఈవెంట్లు. కార్తీకంలో వనభోజనాలు, ప్రతి సంఘానికీ మైకు పట్టుకునేవాడు ఒకడు కావాలి. డిసెంబరు 31 రాత్రికి రేటు వేరే. పుష్యంలో పెళ్లిళ్లు ఆగినా సంక్రాంతి సంబరాలు ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో కాలేజీ డేలు, శివరాత్రి జాతరలు. ఆ తర్వాత ఎండాకాలం పెళ్లిళ్లు. వీటన్నిటి మీద మూఢం ఒకటి. గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చిందంటే పెళ్లిళ్ల సీజను మధ్యలోనే డైరీ ఖాళీ.

ఇది తెలిస్తే మీ సమస్య సగం తీరుతుంది. ఖాళీ వచ్చే నెలలు ముందే తెలుసు కదా. నాటిక, గంట షో లాంటి పెద్ద రాతపని అప్పుడు పెట్టుకోండి. ప్రోగ్రాముల కాలంలో రాసే పని ఒప్పుకుని, రాత్రి రెండింటికి బస్సులో కూర్చుని డైలాగులు రాస్తాననుకోవడం ఒంటికి మంచిది కాదు. గొంతుకి అసలే మంచిది కాదు.

ఇంకొకటి. మీ నాన్నగారి మాట కొట్టేయకండి, కానీ భయపడకండి కూడా. మా గురువుల్లాంటి నేరెళ్ల వేణుమాధవ్ గారు స్కూల్లో పాఠాలు చెప్తూనే మిమిక్రీ చేశారు. ఆయన పుట్టినరోజు డిసెంబరు 28ని మేమంతా పండగలా చేసుకుంటాం. 2001లో పద్మశ్రీ ఇచ్చారు. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరరు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు ప్రభుత్వోద్యోగం చేస్తూ నాటకాలు వేశారు, దూరదర్శన్‌లో చేశారు, తర్వాతే సినిమాల్లో స్థిరపడ్డారు. హాస్యంలో పెద్దపేరు తెచ్చుకున్న వీళ్లంతా మొదట్లో రెండు పడవల మీదే ఉన్నారు.

విశాఖ వీడియో:
గురువుగారూ, పంచాంగం సంగతి బాగా చెప్పారు. మా షూటింగులకి కూడా అదే లెక్క, సీజన్లో ఆర్టిస్టులు దొరకరు. లత గారూ, అద్దె గురించి మీరన్నది నిజం. అయితే నా అసలు బాధ వేరు. స్కిట్లకి పేరు లేకుండా రాస్తూ పోతే రేపు "నువ్వేం రాశావు" అని అడిగిన నిర్మాతకి చూపించడానికి ఏముంటుంది? వదలాల్సింది ఏదైనా ఉంటే ముందు అదే.

కృష్ణానగర్ కలం:
అన్నా, ఆ ప్రశ్న నన్ను రోజూ తినేస్తోంది. కానీ ఒక నిజం చెప్పాలి. రాయడం నాకు అక్కడే వచ్చింది. వారం వారం కొత్త స్కిట్ ఇవ్వాలి, సెట్‌లో ఏ ఆర్టిస్టు ఏ మాట పలకగలడో తెలుసుకుని రాయాలి, రిహార్సల్లో చచ్చిన పంచ్‌ని అక్కడికక్కడే మార్చాలి. జడ్జి నవ్వాడా లేదా కాదు, కెమెరా వెనక లైట్‌బాయ్ నవ్వాడా అని చూస్తాను. ఈ చదువు బయట ఎవరూ చెప్పరు. పేరు లేకపోవడం బాధే, కానీ ఆ పనిని తక్కువ చేసి మాట్లాడలేను.

పద్దుల లక్ష్మి:
నేను సినిమా, టీవీ వాళ్లకి లెక్కలు, రిటర్నులు చూస్తాను. కృష్ణానగర్ కలం గారూ, మీ పనుల్లో నన్ను కలవరపెట్టింది స్కిట్లు కాదు, ఆ వెబ్ సిరీస్. కాగితం ఏమైనా రాసుకున్నారా? అడ్వాన్సు ఇచ్చారా? రెండూ లేకపోతే ఆ కథ ఇంకా మీదే, ముందు ఆ ధైర్యం తెచ్చుకోండి.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. నోటిమాటతో హక్కు పోదు. సంతకం చేసినా, కాలం ఎంతో రాయకపోతే ఐదేళ్లుగా లెక్క. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా రాసి ఉంటే తప్ప, అది రద్దయినట్టే. ఒకటి గుర్తుంచుకోండి, చట్టం ఐడియాని కాపాడదు, రాసిన రూపాన్ని కాపాడుతుంది. "నలుగురు బ్యాచిలర్లు, ఒక ఓనరు" అన్నది ఎవరైనా తీయొచ్చు. మీ సీన్లు, మీ సంభాషణలు తీయకూడదు. అందుకే నోటితో కథ చెప్పి రాకండి, రాసింది మెయిల్‌లో పంపండి, తేదీతో సాక్ష్యం ఉంటుంది. కాపీరైట్ కార్యాలయంలో సాహిత్య రచన రిజిస్ట్రేషన్‌కి ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే కట్టొచ్చు. రచయితల సంఘంలో సభ్యత్వం ఉంటే అక్కడ కూడా స్క్రిప్టు నమోదు చేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ ప్రొడక్షన్ వాళ్లకి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. "ఫలానా తేదీన పంపిన కథ మీద మీ నిర్ణయం ఈ నెలాఖరులోగా చెప్పగలరు. లేకపోతే వేరేవాళ్లకి వినిపించుకుంటాను." అంతే, కోపం అక్కర్లేదు. మళ్లీ ఎవరైనా అడిగితే ఆరు నెలలు పట్టి ఉంచడానికి ఇంత అని అడ్వాన్సు అడగండి.

డబ్బు విషయం కూడా. ఒకే సంస్థ నుంచి ఏడాదిలో 50,000 దాటి ఫీజు వస్తే 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసే పన్ను, పట్టుకుని ఇస్తారు. మీ ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్ను వేసి అది మొత్తం వెనక్కి తెచ్చుకోవచ్చు. నా దగ్గరికొచ్చే కుర్ర రచయితల్లో సగం మంది ఆ డబ్బు వదిలేసుకుంటున్నారు. రెండు నెలల అద్దె కావచ్చు అది, వదలకండి.

డల్లాస్ తెలుగు:
అమెరికాలో మా ఊరి తెలుగు సంఘం సాంస్కృతిక కమిటీలో పని చేస్తుంటాను. మాకు ఉగాదికి, దీపావళికి పిల్లలతో వేయించే చిన్న నాటికలు ఎప్పుడూ కరువే. ఇండియాలో దొరికే స్క్రిప్టులు ఇక్కడి పిల్లల నోట పలకవు. వాక్యం చిన్నగా ఉండాలి, ఒత్తులు తక్కువ ఉండాలి, పదిహేను మంది పిల్లలకి తలా నాలుగు మాటలు రావాలి, లేకపోతే తల్లిదండ్రులు ఊరుకోరు. రాసిచ్చేవాళ్లుంటే మేం డబ్బిచ్చి రాయించుకుంటాం.

ప్రదర్శనకి రావాలని కూడా చాలామంది అడుగుతారు. విజిటర్ వీసా మీద వచ్చి డబ్బు తీసుకుని షో చేయకూడదు. కళాకారులకి పీ-3 లాంటి వీసాలు ఉన్నాయి, పిలిచే సంస్థే ముందు దరఖాస్తు చేయాలి. అక్కడి పెద్ద తెలుగు సంఘాలైన తానా, ఆటాల మహాసభలు ఏడాది విడిచి ఏడాది జరుగుతాయి. వాటికి చాలా నెలల ముందే కళాకారులను ఖాయం చేస్తారు. ఎవరైనా "టికెట్ తీస్తాం, వచ్చేయ్" అంటే వీసా సంగతి అడగండి.

లత మైక్:
డల్లాస్ అన్నయ్యా, మంచి అవకాశమే. కానీ ఆయన మొత్తుకుంటున్నదే పనులు ఎక్కువయ్యాయని! ఇది ఆరోది అవుతుంది.

ఆడపిల్లగా నేను పనులు ఎంచుకునే పద్ధతి ఒకటి చెప్తాను, అందరికీ పనికొస్తుందేమో. స్పాట్ ఇస్తామంటే ముందు అడిగేది నా వంతు ఎన్నింటికి అని. చివర్లో పెడితే మెట్రో దొరకదు, క్యాబ్‌కి అయ్యే ఖర్చుకి వచ్చే డబ్బు చాలదు. ఆ రోజు నేను వెళ్లను, ఇంట్లో కూర్చుని రాసుకుంటాను. మొదట్లో "కాదంటే మళ్లీ పిలవరేమో" అని టెన్షన్ పడేదాన్ని. పిలిచారు. మొదటి అరగంటలో వేయమని అడిగితే వేశారు కూడా.

తెనాలి రంగస్థలం:
ఆలస్యంగా చూశాను. నేను బ్యాంకు ఉద్యోగిని, సెలవులన్నీ పరిషత్తులకే. తమ్ముణ్ణి నాటిక అడిగిన సమాజం మాదే. పైన అందరూ మంచి మాటలే చెప్పారు, నాది ఒక్క ప్రశ్న. ఈ ఐదింటిలో ఎవరి ఫోనూ రాకపోయినా నువ్వొక్కడివే కూర్చుని పూర్తి చేయగలిగేవి ఏవి తమ్ముడూ? టీవీ స్కిట్టు చానల్ వాళ్ల చేతిలో ఉంది. వెబ్ సిరీస్ ఓటీటీ వాళ్ల చేతిలో ఉంది. యూట్యూబ్‌కి నలుగురు ఫ్రెండ్స్ ఖాళీ చూసుకోవాలి. నాటిక, నీ గంట షో, ఈ రెండే నీ చేతిలో ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే మనమంతా ఎదుటివాళ్ల చేతిలో ఉన్నవాటికి పొద్దున తాజాగా ఉన్న బుర్రని ఇచ్చి, మన చేతిలో ఉన్నవాటికి రాత్రి అలసిపోయిన బుర్రని ఇస్తాం. ఫోను మోగేవి ముందు, మోగనివి వెనక. దాన్ని తిప్పు. పొద్దున నీది రాయి, ఫోను పక్క గదిలో పెట్టు. స్కిట్టు మార్పులు మధ్యాహ్నం నుంచి. రెండు మూడు గంటలు ఫోను ఎత్తకపోతే ఏ టీమ్ లీడరూ నిన్ను తీసేయడు, ముందే చెప్పి పెడితే సరి.

పరిషత్తు లెక్క కూడా తెలుసుకో. మా జిల్లాల్లో ఎక్కువ పరిషత్తులు సంక్రాంతి తర్వాత మొదలై ఎండాకాలం దాకా సాగుతాయి. దానికి ముందే స్క్రూటినీ, అంటే పోటీకి నాటికలని ఎంచడం, ఉంటుంది, అప్పటికి నాటిక నడకతో సహా సిద్ధంగా ఉండాలి. అంటే స్క్రిప్టు వినాయక చవితికి మా చేతికి రావాలి. నాటిక గంట దాటకూడదు. హాస్య నాటికలు అసలే తక్కువ వస్తున్నాయి, అందరూ ఏడిపించే కథలే పట్టుకొస్తున్నారు. మంచి హాస్యం వస్తే ఒక్క సీజన్లో ఊరూరా పడుతుంది, కరపత్రం మీద రచయిత పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నువ్వు పేరు గురించి బాధపడ్డావు కదా, అది ఇక్కడుంది.

కృష్ణానగర్ కలం:
రంగస్థలం అన్నా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే చెప్పండి.

స్కిట్లు వదలను, అవి మధ్యాహ్నాలకి. పొద్దున నాటిక ఒక్కటే, చవితి దాకా. లత గారు చెప్పినట్టు ఓపెన్ మైక్‌లు వారానికి ఒక్కటి ఉంచుకుంటాను, కొత్త జోకు ఒక్కటి మధ్యలో పెట్టి. గంట షో రాత నాటిక అయ్యాకే. ప్రొడక్షన్ వాళ్లకి లక్ష్మి గారు చెప్పిన మెయిల్ ఇవాళే పంపాను. సమాధానం రాకపోయినా తేదీ అయితే నాకు తెలుసు, రోజూ ఫోను చూసుకునే పని తప్పింది. చానల్ ఫ్రెండ్స్‌తో మాట్లాడాను, నాటిక అయ్యేదాకా రాసే బాధ్యత మావాళ్లలో ఇంకొకరు తీసుకున్నారు, నేను నటిస్తాను. విశాఖ అన్నా, చానల్ ఆపడం లేదు, కంగారు పడకండి. డల్లాస్ అన్నయ్యా, దీపావళికి కుదరదు, ఉగాదికి అయితే తప్పకుండా రాస్తాను. సంక్రాంతి తర్వాత మీకే గుర్తు చేస్తాను.

డల్లాస్ తెలుగు:
ఉగాదికి ఖాయం. పిల్లల వయసులు, ఎంతమందో మెయిల్ చేస్తాను.

విశాఖ వీడియో:
నాటిక రిహార్సల్ మొదలైతే చెప్పు తమ్ముడూ. కెమెరా నాది, తెనాలి వచ్చి మంచి సీను ఒకటి తీసి పెడతాను. చానల్‌కీ పనికొస్తుంది, సమాజానికీ పనికొస్తుంది.

తెనాలి రంగస్థలం:
సంతోషం. వచ్చెయ్యండి, భోజనం మా ఇంట్లోనే. తమ్ముడూ, ఇప్పుడే ఒక మాట, తర్వాత మార్చడం కష్టం. నీ నాటికలో ఆడపాత్రలు ఎన్ని? పరిషత్తుల్లో నటీమణులు దొరకడమే గగనం, దొరికినా ఒకే సీజన్లో నాలుగు సమాజాలకి వేస్తుంటారు, తేదీలు కలవవు, వాళ్ల ఖర్చే మాకు పెద్ద ఖర్చు. రెండుంటే ఒకటి చెయ్యగలవేమో చూడు.

కృష్ణానగర్ కలం:
మూడున్నాయన్నా. అత్తగారిని తీయలేను, కథంతా ఆవిడ మీదే. కోడలిని, పక్కింటామెని కలిపి ఒక్క పాత్ర చేయొచ్చేమో రేపు పొద్దున చూస్తాను.

తెనాలి రంగస్థలం:
రెండైతే మేం సర్దుకుంటాం. యూనికోడ్‌లో టైపు చేసి పంపు, పాత ఫాంట్లలో పంపితే మా వాళ్ల ఫోన్లలో తెరుచుకోదు.